మీ వాగులో దొరికిన ఎనిమిది రాళ్ళ గురించి

ఒహాయో రాష్ట్రంలోని వారెన్ కౌంటీ నుంచి మీరు పంపిన ఎనిమిది ఫోటోలనూ చూశాను. ఇంటి వెనుక పారి లిటిల్ మయామీ నదిలో కలిసే చిన్న వాగులో మీ పాప వీటిని ఏరిందని, ఆల్చిప్పల్లాంటివి తప్ప తక్కినవేవీ మీకు పోల్చుకోవడానికి రాలేదని రాశారు. మూడో ఫోటోలోనిది డైనోసార్ పన్ను అని పాప, ఆరో ఫోటోలోనిది సాలగ్రామమని ఊరి నుంచి వచ్చిన మీ మామగారు పట్టుబడుతున్నారని, ఏడో ఫోటోలోని విరిగిన ముక్కను పారేయవచ్చా అని అడిగారు. నేను మీరు పంపిన వరుసలో కాక, వాటిని పోల్చుకునే పద్ధతికి అనువైన వరుసలో జవాబు చెబుతాను. ఏడో ముక్కను మాత్రం ఇది పూర్తిగా చదివేదాకా పారేయకండి.

నేను చదివింది భూగర్భశాస్త్రమే అయినా ఉద్యోగం వేరే రంగంలో చేశాను; సిన్సినాటీ చుట్టుపక్కల వాగుల్లో శిలాజాలు ఏరడం సెలవురోజుల అలవాటుగా మొదలై 27 ఏళ్ళు దాటింది. మొదటి ఏడాది చేసిన ఒక తెలివితక్కువ పని ఇప్పటికీ గుర్తుంది. మూడు వేర్వేరు వాగుల్లో ఏరినవన్నీ ఒకే బకెట్టులో పోసుకుని, వాటిని బాగా తెలిసిన ఒక పెద్దాయన దగ్గరకు గర్వంగా తీసుకువెళ్ళాను. ఆయన ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, "ఇది ఏ వాగుది?" అని మాత్రమే అడుగుతూ వచ్చారు. నేను చెప్పలేకపోయేసరికి, చాలావాటిని ఒక మాటా అనకుండానే బకెట్టులో తిరిగి వేశారు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఉపయోగపడినది ఫోటోలు కాదు, వాగు ఎక్కడుందో మీరు రాసిన రెండు వాక్యాలు. ఎందుకంటే ఒక చోట ఏ వయసు రాళ్ళు ఉన్నాయో తెలిస్తే, ఒక శిలాజం ఏమై ఉండవచ్చు అన్న ప్రశ్నకు వేల జవాబుల నుంచి కొన్ని పదులకు దిగిపోతాం. ఆ తరువాతే ఆకారం, సౌష్ఠవం, ఉపరితలం మీది గుర్తులు పనికొస్తాయి. చూడగానే తోచిన పోలికతో పేరు పెట్టి, ఆ తరువాత దాని చుట్టూ సాక్ష్యం వెతకడం వల్లనే డైనోసార్ పళ్ళు, పాము వెన్నెముకలు పుట్టుకొస్తాయి.

మీ వాగు అడుగున ఉన్న బూడిదరంగు సున్నపురాయి పలకలు, వాటి మధ్య చేత్తో గిల్లితే రాలిపోయే మెత్తని షేల్ పొరలు ఆర్డోవీషియన్ యుగం చివరి భాగానికి చెందినవి. వాటి వయసు ఇంచుమించు 45 కోట్ల సంవత్సరాలు. అప్పుడు ఉత్తర అమెరికాలోని ఈ భాగం భూమధ్యరేఖకు దక్షిణాన, ఉష్ణమండలంలో ఉండేది; దానిమీద లోతు తక్కువైన వెచ్చని సముద్రం పరుచుకుని ఉండేది. తూర్పున కొత్తగా పైకి లేస్తున్న కొండల నుంచి కొట్టుకొచ్చిన బురద ఆ సముద్రపు అడుగున షేల్‌గా మారింది. అప్పుడప్పుడు వచ్చిన పెనుతుపానులు అడుగును కలచివేసి, సన్నని బురదను లేపేసి, బరువైన గుల్లలను మాత్రం ఒకచోట కుప్పగా మిగిల్చాయి. ఆ కుప్పలే గట్టిపడి మీ పాప అడుగులేసి నడిచే సున్నపురాయి పలకలయ్యాయి. బంగాళాఖాతపు తుపాను మరునాడు తీరంలో గుల్లలు ఏ తీరున పేరుకుపోతాయో చూసినవారికి ఆ పలకను విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇక్కడి పొరలు దాదాపు సమతలంగా ఉంటాయి, మైలు దూరానికి కొద్ది అడుగులు మాత్రమే వాలుతాయి. అందువల్ల వాగు వెంట ఎగువకు నడవడమంటే మెట్లెక్కినట్టు పాత పొరల నుంచి కొత్త పొరలకు ఎక్కడమే. ఇందులో ఒక ఆచరణీయమైన విషయం కూడా ఉంది: వాగులో విడిగా పడి ఉన్న శిలాజం ఎగువ నుంచో, పక్కన ఉన్న గట్టు పైనుంచో వచ్చినదే తప్ప కింది నుంచి రాలేదు. మంచి ముక్క దొరికినప్పుడు దాని తోబుట్టువుల కోసం వెతకవలసింది ఎగువకు, గట్టు మీదకు.

ఇప్పుడు పాప పన్ను అన్న మూడో ఫోటో సంగతి. డైనోసార్లు భూమ్మీద కనిపించినది సుమారు 23 కోట్ల సంవత్సరాల క్రితం, అంటే మీ వాగు రాళ్ళు ఏర్పడిన తరువాత ఇంకో 20 కోట్ల సంవత్సరాలకు పైగా గడిచాక. ఆ కాలపు రాళ్ళు నైరుతి ఒహాయోలో మిగిలి లేవు. ఇక్కడి పొరలు వంపుగా పైకి లేచి, మీదనున్న కొత్త రాళ్ళన్నీ కోసుకుపోవడం వల్లనే ఆర్డోవీషియన్ రాళ్ళు మన కాళ్ళ కిందకు వచ్చాయి. ఫోటోలోనిది కొమ్ము పగడం. వెడల్పు కొస వైపు చూస్తే బండి చక్రపు ఆకుల్లాగా కేంద్రం నుంచి అంచుకు పోయే పలుచని గోడలు కనిపిస్తున్నాయి. పన్నుకు అలాంటి గోడలు ఉండవు. పన్నుకు నునుపైన పింగాణీ పూత, దాని కింద వేరే రంగు పదార్థం కనిపించాలి. ఆ గోడలున్న గిన్నెలో ఒకే ఒక్క పగడపు జీవి కూర్చుని ఉండేది, ఎదిగిన కొద్దీ కొమ్మును పైకి కట్టుకుంటూ పోయేది. కొమ్ము పక్కల మీద అడ్డంగా కనిపించే ముడతలు ఆ ఎదుగుదల గుర్తులు.

దీనికి నేను ప్రజాతి పేరు కూడా ధైర్యంగా చెప్పగలను: గ్రూయింగ్కియా. ఆ ధైర్యం ఫోటో వల్ల వచ్చినది కాదు, చోటు వల్ల వచ్చినది. సిన్సినాటీ నగరం కొండల్లో బయటపడే పాత పొరల్లో కొమ్ము పగడాలు దొరకవు. ఇక్కడి ఆర్డోవీషియన్ పొరల పైభాగంలో, ఇండియానాలోని రిచ్‌మండ్ ఊరి పేరుతో పిలిచే దశలో, వేరే సముద్ర ప్రాంతాల నుంచి అనేక జాతులు ఇక్కడికి వలస వచ్చాయి. పరిశోధకులు దాన్ని రిచ్‌మండ్ దండయాత్ర అంటారు. ఈ కొమ్ము పగడాలు ఆ వలసలో వచ్చినవే. అంటే మీ పాప చేతిలోని కొమ్ము తన పేరుతో పాటు మీ వాగు ఏ మెట్టు మీద ఉందో కూడా చెబుతోంది, తక్కిన ఏడు రాళ్ళను చూడడానికి మనకు కొలబద్దగా పనికొస్తోంది. డైనోసార్ కాదని పాప చిన్నబుచ్చుకుంటే, ఆ కొమ్ము ముందు డైనోసార్లు నిన్న మొన్నటివని చెప్పండి.

మొదటి ఫోటోలో పలక నిండా పరుచుకుని ఉన్న విసనకర్ర ఆకారపు గుల్లలను మీరు ఆల్చిప్పలన్నారు. అవి ఆల్చిప్పలు కావు, బ్రాకియోపాడ్లు. రెండు చిప్పల జీవులే అయినా ఆల్చిప్పలకూ వీటికీ బంధుత్వం చాలా దూరపుది, గబ్బిలానికీ పిట్టకూ ఉన్నదానికంటే కూడా. తేడా పట్టుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది, దీన్ని పాపకు నేర్పితే వాగులో దొరికే గుల్లల్లో ఎక్కువ భాగాన్ని తనే వేరు చేస్తుంది. ఒక్క చిప్పనే తీసుకుని, రెండు చిప్పలూ కలిసే కీలు దగ్గరి ముక్కు నుంచి ఎదుటి అంచు దాకా నిట్టనిలువుగా ఒక గీత ఊహించుకోండి. గీతకు కుడి ఎడమలు అద్దంలో ప్రతిబింబంలా సరిపోతే అది బ్రాకియోపాడ్. ఒక పక్కకు ఒరిగినట్టు, కుడి ఎడమలు పొసగకుండా ఉంటే అది ఆల్చిప్పల కుటుంబం. వాటిలో సౌష్ఠవం చిప్పలోపల కాక రెండు చిప్పల మధ్య ఉంటుంది. బ్రాకియోపాడ్‌లో ఇది తలకిందులు: ఒక్కో చిప్ప తనలో తాను సరిసమానం, కానీ పై చిప్పా కింది చిప్పా ఒకదానికొకటి పోలవు.

మీ పలక మీదివి అంగుళం నుంచి అంగుళంన్నర వెడల్పున, తిన్నని కీలు అంచుతో, సన్నని గీతలతో ఉన్నాయి. చాలామంది వీటిని చూడగానే రాఫినెస్క్వినా అనేస్తారు, చాలాసార్లు అది ఒప్పే అవుతుంది. అయితే మీ వాగు ఉన్న ఎగువ పొరల్లో స్ట్రోఫోమెనా అనే దాదాపు అదే రూపపు ఇంకో ప్రజాతి కూడా విరివిగా దొరుకుతుంది. రెండింటిలోనూ ఒక చిప్ప ఉబ్బెత్తుగా, ఒకటి లోతుగా ఉంటాయి. కానీ ఏ చిప్ప ఉబ్బెత్తు అన్నది ఒకదానిలో ఒకలా, ఇంకోదానిలో తిరగబడి ఉంటుంది. అది తెలియాలంటే కీలు అంచును పక్కనుంచి చూడాలి. మీరు పై నుంచి మాత్రమే తీశారు. కనుక ఈ ఫోటోతో నేను రెండు పేర్ల మధ్య ఆగిపోతాను. ఇలా ఆగడం చేతకానితనం అనిపించవచ్చు, కానీ పొరపాటు పేరుతో పెట్టెలో పెట్టిన శిలాజం కంటే, "ఈ రెండింటిలో ఒకటి" అని రాసిపెట్టినది ఎంతో మేలు.

పలక అంచున చిన్నగా, లావుగా, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా ఒకటి కనిపించింది, గమనించారా? మధ్యలో లోతైన గాడి, దానికిరువైపులా బలమైన మడతలు. పాత చీటీల మీద దాన్ని ప్లాటిస్ట్రోఫియా అని రాసి ఉంటుంది, ఇప్పుడు వాటిలో ఇక్కడివాటిని విన్లాండోస్ట్రోఫియా అంటున్నారు. పేరు మారినది 2007లో. రెండు చోట్ల రెండు పేర్లు చూసి కంగారు పడవద్దు.

రెండో ఫోటోలోని చింతపుల్లల్లాంటి ముక్కలు కర్రలూ కావు, పగడాలూ కావు. అవి బ్రయోజోవన్లు, వేల అతిచిన్న జంతువులు కలిసి కట్టుకున్న వాడలు. మీ వాగులో చేతికి తగిలే ప్రతి నాలుగైదు ముక్కల్లో ఒకటి ఇదే అయినా ఆశ్చర్యం లేదు. 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూస్తే ఉపరితలమంతా సన్నని జల్లెడలా సూదిమొన రంధ్రాలు కనిపిస్తాయి, ఒక్కొక్కటీ అర మిల్లీమీటరు కూడా ఉండదు. పగడాల గదులు సాధారణంగా భూతద్దం లేకుండానే కనబడేంత పెద్దవి, వాటిలో ఇందాక చెప్పిన గోడలు ఉంటాయి. ఇక్కడ ప్రజాతి పేరు అడగకండి. కొమ్మలుగా పెరిగే బ్రయోజోవన్లను వేరుచేయాలంటే వాటిని కోసి, వెలుతురు దాటేంత పలుచగా అరగదీసి, సూక్ష్మదర్శినిలో లోపలి గోడలు చూడాలి. ఫోటో చూసి వాటికి పేరు చెప్పేవారిని నేను నమ్మను. ఒక్క కాన్‌స్టెల్లారియా మాత్రం మినహాయింపు, దాని మీద ముగ్గులో వేసిన చుక్కల్లా చిన్న చిన్న నక్షత్రాలు ఉంటాయి. మీ ముక్కల్లో అది లేదు.

నాలుగో ఫోటోలోని పూసలు క్రైనాయిడ్ల కాడ ముక్కలు. క్రైనాయిడ్‌ను సముద్ర కలువ అని పిలుస్తారు గానీ అది మొక్క కాదు, నక్షత్ర చేపకూ సముద్రపు ముళ్ళకాయకూ చుట్టం. ఇప్పటి సముద్రాల్లోనూ వీటి వారసులు బతికే ఉన్నారు. అడుగుకు అంటుకుని, పూసలు గుచ్చినట్టుండే కాడ మీద నిలబడి, పైన చేతులు చాచి నీటిలోని ఆహారపు రేణువులను పట్టుకునేది. చచ్చిన కొద్ది రోజులకే పూసలను కలిపి ఉంచే మెత్తని కణజాలం కుళ్ళి కాడ పూసలుగా విడిపోయేది, అందుకే నిండు జీవి చాలా అరుదు, పూసలు మాత్రం కుప్పలు. విరిగిన పూసను ఎండలో తిప్పి చూడండి, విరిగిన చోట పటికబెల్లం ముక్కలా చదునైన ముఖం తళుక్కుమంటుంది. ఈ కుటుంబం జీవుల అస్థిపంజరంలో ఒక్కో పలక కాల్సైట్ (సున్నపురాయిలోని ఖనిజం) ఒక్కో స్ఫటికం కావడమే దానికి కారణం. రాతిలో గుండ్రని ముక్క పూసా, మామూలు గులకరాయా అన్న అనుమానం వచ్చినప్పుడల్లా నేను చూసేది ఈ మెరుపునే.

అదే కుటుంబానికి చెందిన ఇంకో జీవి గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దాన్ని తెలియక తోమి పాడుచేసేవారు ఎక్కువ. ఎడ్రియోయాస్టరాయిడ్ అనేది చిన్న నాణెమంత బిళ్ళ; దాని మీద వంపు తిరిగిన ఐదు చేతుల నక్షత్రం ఉంటుంది. అది బతికినంతకాలం బ్రాకియోపాడ్ చిప్పలాంటి గట్టి వస్తువు మీద అతుక్కుని ఉండేది. సిన్సినాటీ నగరం తన అధికారిక శిలాజంగా ఎంచుకున్నది దీనిలో ఒక జాతినే. పలక మీది చిప్పలను బ్రష్షుతో గట్టిగా రుద్దేముందు ఒక్కొక్కదాన్ని భూతద్దంతో చూడమనడం అందుకే. నాకు ఇన్నేళ్ళలో దొరికినవి మూడే.

ఐదో ఫోటోలో కణుపులున్న చెరుకుగడ ముక్కలా ఉన్నదాన్ని మీరు పాము వెన్నెముకా అని అడిగారు. ఈ పొరల్లో వెన్నెముక అనిపించేది దాదాపు ఎప్పుడూ తిన్నని గుల్ల ఉన్న సెఫలోపాడే, అంటే నేటి ఆక్టోపస్‌కూ స్క్విడ్‌కూ పూర్వపు బంధువు. గుల్ల లోపల అడ్డుగోడలతో గదులు కట్టుకుని, వాటిని వాయువుతో నింపుకుని నీటిలో తేలేది. చివరి గదిలో తను ఉండేది. మీ చేతిలో ఉన్నది గుల్ల కాదు, గదుల్లో నిండి గట్టిపడిన బురద. వెన్నెముకతో దీనికున్న తేడాలు మూడు. కణుపులన్నీ ఒకే వైపుకు గిన్నెల్లా వంగి ఉంటాయి, టీకప్పులు ఒకదానిలో ఒకటి పేర్చినట్టు. ముక్క ఒక కొస వైపు క్రమంగా సన్నబడుతుంది. విరిగిన ముఖం మీద, ఒక్కోసారి మధ్యలో, ఒక్కోసారి పక్కకు, గదులన్నిటినీ కలిపే గొట్టం గుండ్రని మచ్చగా కనిపిస్తుంది. మీ ఫోటోలో మొదటి రెండూ స్పష్టంగా ఉన్నాయి. ఈ సముద్రంలో వేటాడే జీవుల్లో ఇదే పెద్దది.

మీ మామగారి సాలగ్రామం గురించి జాగ్రత్తగా చెప్పాలి. ఆయన పోలిక నిరాధారమైనది కాదు: నేపాల్‌లో కాళీగండకి నదిలో దొరికే సాలగ్రామాల్లో చక్రాలుగా కనిపించేవి నిజంగానే అమ్మోనైట్ (చుట్ట తిరిగిన గుల్ల ఉన్న సెఫలోపాడ్) శిలాజాలు, అవి కూడా సముద్రపు రాళ్ళ నుంచి నదిలోకి జారినవే. కానీ అవి జురాసిక్ కాలం నాటివి. అమ్మోనైట్ల వంశంలో మొట్టమొదటివే సుమారు 40 కోట్ల సంవత్సరాల క్రితం పుట్టాయి, అంటే మీ వాగు రాళ్ళ తరువాత. అందువల్ల ఇక్కడ చుట్టలు తిరిగినది ఏది దొరికినా అది అమ్మోనైట్ కాలేదు. పైగా సాలగ్రామ చక్రం పడుకోబెట్టిన చాపచుట్టలా ఒకే తలంలో తిరుగుతుంది. మీ ఫోటోలోనిది గోపురంలా పైకి లేచి తిరిగింది, చుట్టల మీద సన్నని గీతలు కూడా చుట్టలతో పాటే తిరుగుతున్నాయి. ఇది సముద్రపు నత్త, బహుశా సైక్లోనెమా. ఇక్కడి నత్తల్లో చాలావాటి గుల్ల కరిగిపోయి లోపలి అచ్చు మాత్రం మిగులుతుంది, దీనికి మాత్రం గుల్ల, దాని మీది గీతలు నిలుస్తాయి. ఇది క్రైనాయిడ్ మీద ఎక్కి కూర్చుని దాని విసర్జనను తిని బతికేదని కొన్ని నమూనాలు చెబుతున్నాయి. ఈ ముక్క మామగారికి చెప్పాలో వద్దో మీరే ఆలోచించుకోండి. సముద్రపు నత్త శిలాజాలు చూడాలన్న కోరిక ఆయనకు ఉంటే, రాజమండ్రి వైపు దుద్దుకూరులో లావా రాళ్ళ కింద ఉన్న సున్నపు పొరల్లో టరిటెల్లా అనే పొడవాటి నత్తలు ఉన్నాయి, అవి డైనోసార్ల చివరి రోజులవి.

ఎనిమిదోది శిలాజం కాదు. గులాబీరంగు, నలుపు గింజలు కలగలిసిన ఆ గులకరాయి గ్రానైట్. ఈ కౌంటీలో గ్రానైట్ పుట్టదు. మంచుయుగంలో కెనడా నుంచి దిగివచ్చిన హిమానీనదాలు దాన్ని ఇక్కడ దించిపోయాయి. దీనితో ఒక చిన్న చిక్కు ఉంది: అదే మంచు ఉత్తరాన ఉన్న వేరే వయసు రాళ్ళ ముక్కలను కూడా తెచ్చింది, కనుక వాగులో విడిగా దొరికినవాటిలో ఏదో ఒకటి ఇక్కడి సముద్రానికి చెందనిది కావచ్చు. ఇంకో చిక్కు మనుషులు తెచ్చినది. ఇళ్ళ చుట్టూ అలంకారానికి పోసే గులకరాళ్ళు లారీల్లో ఎక్కడెక్కడి నుంచో వస్తాయి, వానకు కొట్టుకుపోయి వాగులో చేరుతాయి. తేనెపట్టులాంటి పెద్ద గదుల పగడమో, ఈ పొరలకు ఏమాత్రం పొసగని ఇంకేదో దొరికితే, ముందు అది పలకలో ఇరుక్కుని ఉందా, విడిగా ఉందా అని చూడండి. పలకలో ఉన్నది అక్కడిదే. విడిగా ఉన్నది అతిథి కావచ్చు.

ఇక ఏడో ఫోటో. ముదురు గోధుమరంగులో, గోరులా నిగనిగలాడుతూ, రెండు పళ్ళ పంగలకర్రలా ఉన్న ఆ ముక్కను మీరు విరిగిన చిప్ప అనుకున్నారు. నాకు ఎనిమిదింటిలో మనసు లాగినది ఇదొక్కటే. ఇది ఐసోటెలస్ అనే ట్రైలోబైట్ (పీతల్లా గట్టి పెంకున్న, ఇప్పుడు అంతరించిపోయిన సముద్రపు పురుగు) నోటి ముందు, తల అడుగున ఉండే పలక. దీన్ని హైపోస్టోమ్ అంటారు. ఆ పంగ ఆకారం విరగడం వల్ల వచ్చినది కాదు, దాని సహజరూపమే అది. ఫోటోను పెద్దది చేసి చూస్తే పళ్ళ మీద వేలిముద్రల్లాంటి సన్నని సమాంతర గీతలు కనిపిస్తున్నాయి. ఇక్కడి చిప్పల మీద గీతలు ముక్కు నుంచి అంచుకు విచ్చుకుంటాయి లేదా ఎదుగుదల వలయాలుగా తిరుగుతాయి. వేలిముద్రలా వంకరలు పోతూ దగ్గరదగ్గరగా సాగే గీతలు ట్రైలోబైట్ పెంకుకు చెందినవి. గోధుమరంగు నిగారింపు, పంగ, వేలిముద్ర గీతలు, ఈ మూడూ కలిసిన చోట నాకు అనుమానం మిగలలేదు.

ఐసోటెలస్‌ను 1985లో ఒహాయో రాష్ట్ర శిలాజంగా ప్రకటించారు. 1919లో డేటన్ దగ్గర హఫ్‌మన్ ఆనకట్ట తవ్వకాల్లో దొరికిన నిండు నమూనా పొడవు 14 అంగుళాలకు పైగా ఉంటుంది. అది స్మిత్‌సోనియన్ మ్యూజియంకు చేరింది. దాని సోదర జాతి ఒకటి కెనడాలోని మానిటోబాలో 70 సెంటీమీటర్లు దాటి దొరికింది. అంత పెద్దది నిండుగా దొరకడం మన బోటివాళ్ళకు జీవితంలో జరగదనే అనుకోవాలి, కానీ ముక్కలు మాత్రం తరచుగానే దొరుకుతాయి, ఎందుకంటే పీత కుబుసం విడిచినట్టు ట్రైలోబైట్లు కూడా ఎదిగేటప్పుడల్లా పెంకు విడిచేవి, ఒక్క జీవి అనేక పెంకులు వదిలిపోయేది. దొరికినా జనం పారేస్తారు, మీరు పారేయబోయినట్టే. అందరూ వెతికేది నిండు పురుగును.

నిండుగా దొరికే అవకాశం ఉన్నది దీనికంటే చాలా చిన్నదైన ఫ్లెక్సికాలిమెనీ అనే ఇంకో ట్రైలోబైట్. బురద తుపాను మీద పడినప్పుడు అది రోకలిబండ పురుగు ముట్టుకుంటే చుట్టుకున్నట్టు చుట్టుకుపోయేది, అలాగే సమాధి అయ్యేది. అందుకని దాన్ని సున్నపురాయి పలకల మీద కాక షేల్ పొరల్లో, గట్టు కింద వాన కడిగిన బంకమట్టి జారుల్లో వెతకాలి. బఠాణీ గింజ నుంచి గోళీకాయ దాకా పరిమాణంలో, అడ్డంగా పట్టీలు ఉన్న ఉండలా ఉంటుంది. వంగుని, కదలకుండా, ఒక చదరపు గజాన్నే పది నిమిషాలు చూస్తే కనిపిస్తుంది, నడుస్తూ చూస్తే కనిపించదు. ఈ విషయంలో పిల్లల కళ్ళు మనకంటే మెరుగు.

ఫోటోల గురించి రెండు మాటలు. పక్కన సెంటు నాణెం పెట్టారు, మంచిది, దాని వ్యాసం 19 మిల్లీమీటర్లు కనుక కొలత తెలిసింది. చిన్న స్కేలు పెడితే ఇంకా మంచిది. ఫ్లాష్ వాడకండి, అది గీతలన్నిటినీ చదును చేస్తుంది. కిటికీ పక్కన పెట్టి, వెలుతురు ఒక పక్కనుంచి ఏటవాలుగా పడేలా తీయండి. ఒక్కోదానికి పై వైపు, అడుగు వైపు, పక్క వైపు కావాలి; బ్రాకియోపాడ్‌కైతే కీలు వైపు తప్పనిసరి, కొమ్ముకూ సెఫలోపాడ్‌కూ విరిగిన ముఖం తప్పనిసరి. కడగడానికి మామూలు నీరు, మెత్తని పళ్ళ బ్రష్షు చాలు. వెనిగర్ పోయమని ఎవరైనా చెబితే వినకండి. రాయి, శిలాజం రెండూ కాల్సైటే కాబట్టి బుడగలు వస్తూ రెండూ కరుగుతాయి, అన్నిటికంటే ముందు పోయేవి మనకు పేరు చెప్పే సన్నని గీతలు. షేల్‌లో అంటుకున్నవాటిని నీళ్ళలో నానబెట్టవద్దు, షేల్ బురదగా విడిపోతుంది. పెట్టెలో పెట్టేముందు ప్రతిదాని అడుగున చిన్న అంకె వేసి, పుస్తకంలో ఆ అంకెకు ఎదురుగా తేదీ, వాగులో ఏ వంపు దగ్గర, పలకలో ఉన్నదా విడిదా అని రాయించండి. పాప చేతిరాతే బాగుంటుంది.

వాగు మీ ఇంటి వెనుక పారినంత మాత్రాన మీది కాకపోవచ్చు. ఇలాంటి కాలనీల్లో వాగు వెంట ఉన్న నేల తరచుగా హెచ్‌ఓఏదో (ఇళ్ళ యజమానుల సంఘానిదో), ఊరి పాలక సంస్థదో అయి ఉంటుంది. ఒకసారి అడిగి ఏరుకోండి. రక్షిత వనాల్లో ఏరడం నిషిద్ధం. మీకు దగ్గరలోనే సీజర్ క్రీక్ సరస్సు అత్యవసర అలుగు (నీరు మితిమీరితే పొర్లిపోయే దారి) ఉంది, అక్కడ సందర్శకుల కేంద్రంలో ఉచితంగా అనుమతి పత్రం తీసుకుని ఏరుకోవచ్చు. సుత్తి, ఉలి వంటి పనిముట్లు వాడకూడదు, రాళ్ళు పగలగొట్టకూడదు, అరచేతిలో ఇమిడేవి మాత్రమే తీసుకోవాలి. మీ వాగు పొరలూ అక్కడి పొరలూ ఇంచుమించు ఒకే కాలానివి కనుక, అక్కడ పలకల్లో పొదిగి ఉన్నవాటిని చూసి వస్తే ఇక్కడ విడిగా దొరికినవాటిని పోల్చుకోవడం తేలికవుతుంది. సిన్సినాటీలో డ్రై డ్రెడ్జర్స్ అని 1942 నుంచి నడుస్తున్న ఔత్సాహికుల సంఘం ఉంది, శిలాజాలు చేతబట్టుకుని వెళ్ళినవారిని కసురుకోని మనుషులు వాళ్ళు. పిల్లలను తీసుకువెళ్ళవచ్చు.

ప్రస్తుతానికి నాకు కావలసినవి రెండు. మొదటి ఫోటోలోని చిప్పల్లో పలక నుంచి విడివడినది ఒకటుంటే దాని కీలు వైపు ఫోటో పంపండి, రెండు పేర్లలో ఒకటి కొట్టేస్తాను. రెండోది, ఏడో ముక్క దొరికిన చోటు పాపకు గుర్తుంటే, వాన తగ్గి నీరు తేటపడ్డాక అక్కడి నుంచి ఎగువకు ఒక 50 అడుగుల మేర గట్టు అడుగును నెమ్మదిగా చూడమనండి. అదే రంగులో, అదే నిగారింపుతో ఉన్న ముక్క ఎంత చిన్నదైనా ఏరి, విడిగా ఒక డబ్బాలో వేయండి.